పంటి పాచిలో ప్రాణులను చూసిన బట్టల వర్తకుడు

సూక్ష్మజీవుల పాఠంలో లీవెన్‌హుక్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా మనమంతా బట్టీ పట్టిన పేరే అది. పరీక్ష రాసి బయటికి రాగానే మరచిపోతాం. ఈ వార్షికోత్సవ సంచికలో ఒక శాస్త్రవేత్త జీవితం ఉండాలని అనుకున్నప్పుడు మాలో కొందరు సి.వి.రామన్ అన్నారు, కొందరు యల్లాప్రగడ సుబ్బారావు అన్నారు. చివరకు లీవెన్‌హుక్ దగ్గర ఆగడానికి కారణం మన పళ్ళే. పిప్పి పన్ను నొప్పితో రాత్రంతా బుగ్గ పట్టుకుని, లవంగం కొరుక్కుంటూ కూర్చున్నవాళ్ళు మన హాస్టల్లో ప్రతి గదిలోనూ ఉన్నారు. ఆ నొప్పికి కారణమైన జీవుల లోకాన్ని మొట్టమొదట చూసిన మనిషి ఆయనే. చూడటమే కాదు, వాటిని చంపడానికి మందు పోస్తే కొన్ని చచ్చి కొన్ని ఎందుకు బతుకుతున్నాయో కూడా ఆయన ఆలోచించాడు. ఆ సంగతి మన పాఠ్యపుస్తకంలో లేదు.

ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1632 అక్టోబరు 24న హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో పుట్టాడు. తండ్రి బుట్టలు అల్లేవాడు. మన ఊళ్ళలో మేదరివాళ్ళు చేసే పనే. డెల్ఫ్ట్‌లో పింగాణీ సామాను బాగా తయారయ్యేది, సరుకు కట్టి పంపడానికి బుట్టల అవసరం ఎప్పుడూ ఉండేది. లీవెన్‌హుక్‌కు ఐదేళ్ళ వయసులో తండ్రి చనిపోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పిల్లవాణ్ణి వేరే ఊళ్ళో బడికి పంపారు, తరువాత కొంతకాలం ఒక బంధువు ఇంట్లో ఉంచారు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి చదువుకోవడం ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి జీవిత చరిత్రలు రాసేవాళ్ళు ఆయన్ని కటిక బీదవాడిగా చూపించాలని ఉబలాటపడతారు. అది నిజం కాదు. తల్లి తరఫువాళ్ళు బీరు తయారుచేసే వ్యాపారస్థులు, ఉన్నవాళ్ళే. ఆయనకు లేనిది డబ్బు కాదు, కాలేజీ చదువు. ఆ రోజుల్లో యూరప్‌లో పండితుల భాష లాటిన్. వైద్యుడు కావాలన్నా, శాస్త్రం రాయాలన్నా లాటిన్ రావాలి. లీవెన్‌హుక్‌కు లాటిన్ రాదు. ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి రాదు. వచ్చింది ఒక్క డచ్చి భాష, అదీ తన ఊరి జనం మాట్లాడే డచ్చి. తెలుగు మీడియంలో పది చదివి ఇంటర్ మొదటి రోజు క్లాసులో ఏమీ అర్థంకాక తల వంచుకుని కూర్చున్న మన అన్నలకు ఈ సంగతి ఎక్కడో తగులుతుంది.

పదహారేళ్ళ వయసులో ఆయన్ని ఆంస్టర్‌డాంలో ఒక బట్టల వ్యాపారి దగ్గర పనికి పెట్టారు. ఆరేళ్ళు అక్కడ లెక్కలు రాశాడు, నార బట్ట కొలిచాడు. 1654లో సొంత ఊరికి తిరిగి వచ్చి పెళ్ళి చేసుకుని బట్టల దుకాణం పెట్టాడు. ఐదుగురు పిల్లలు పుడితే మరియా అనే ఒక్క కూతురే మిగిలింది. 1666లో భార్య కూడా చనిపోయింది. 1660లో ఆయనకు పట్టణ అధికారుల కార్యాలయంలో ఒక ఉద్యోగం దొరికింది. గది తలుపులు తీయడం, శుభ్రంగా ఉంచడం, చలికాలంలో నిప్పు రాజేయడం, అధికారులు వెళ్ళాక తాళం వేయడం ఆ ఉద్యోగం బాధ్యతలు. మన ఆఫీసుల్లో అటెండరు పనిలాంటిదే, కాకపోతే జీతమూ మర్యాదా అంతకంటే ఎక్కువ. దాదాపు నలభై ఏళ్ళు ఆయన పేరు మీద ఆ ఉద్యోగం ఉంది. తరువాత భూమి కొలిచే సర్వేయరు పరీక్ష ప్యాసయ్యాడు, ద్రాక్షసారా పీపాలను కొలిచే అధికారి కూడా అయ్యాడు. ఏ పని చూసినా అందులో కొలత ఉంది. శాస్త్రం ఆయనకు అటువైపు నుంచి అబ్బిందని మాకు అనిపిస్తుంది.

బట్టల వ్యాపారులు నేతలో పోగులు లెక్కపెట్టడానికి భూతద్దం వాడతారు. లీవెన్‌హుక్ చేతికి మొదట వచ్చిన అద్దం అలాంటిదే అయి ఉండాలి. దాన్ని దాటి ఆయన తనంతట తానే గాజును కరిగించి, అరగదీసి, చిన్న కటకాలు చేయడం నేర్చుకున్నాడు. ఆయన సూక్ష్మదర్శిని చూస్తే మన ల్యాబులోని మైక్రోస్కోపు గుర్తుకురాదు. అరచేతిలో పట్టేంత ఇత్తడి రేకులు రెండు, వాటి మధ్య గింజంత కటకం ఒకటి, చూడవలసిన వస్తువును గుచ్చడానికి ఒక సూది, దాన్ని పైకీ కిందికీ జరపడానికి మరలు. కంటికి ఆనించి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. ఇలాంటివి ఆయన కొన్ని వందలు చేశాడు. ఒక వస్తువును సూదికి అతికించాక దాన్ని తీయడం ఇష్టం లేక మరో సూక్ష్మదర్శిని చేసుకునేవాడు!

1673లో డెల్ఫ్ట్ వైద్యుడు రీనీర్ డి గ్రాఫ్ ఈ బట్టల వర్తకుడి పనితనం గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా, యాభై ఏళ్ళ పాటు, లీవెన్‌హుక్ ఆ సంస్థకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. అన్నీ డచ్చిలోనే. వాళ్ళే తర్జుమా చేయించుకుని అచ్చువేసుకున్నారు. భాష రాదని ఆయన ఊరుకోలేదు, భాష నేర్చుకునే దాకా ఆగలేదు. చూసింది చూసినట్టు తన మాటల్లో రాశాడు.

1674లో తన ఊరి దగ్గర చెరువు నీళ్ళలో కదిలే చిన్న ప్రాణులను చూశాడు. 1676లో ఇంకొక విచిత్రం జరిగింది. మిరియం నాలుకకు ఎందుకు కారంగా ఉంటుందో చూద్దామని మిరియాలను నీళ్ళలో నానబెట్టాడు. మిరియానికి ముళ్ళలాంటివి ఉంటాయేమోనని ఆయన ఊహ. ముళ్ళు కనపడలేదు గాని, కొన్నాళ్ళకు ఆ నీళ్ళలో అంతకు ముందు చూసినవాటి కంటే ఎంతో చిన్న ప్రాణులు లెక్కలేనన్ని కనిపించాయి. మనం ఇప్పుడు బ్యాక్టీరియా అంటున్నవి అవే. ఈ సంగతి రాస్తే లండన్ పండితులు వెంటనే నమ్మలేదు. ఆయన పాదిరీలను, ఊరి పెద్దలను పిలిచి చూపించి వాళ్ళ చేత సాక్ష్యపు ఉత్తరాలు రాయించి పంపాడు. చివరకు 1677లో రాబర్ట్ హుక్ తానే ఆ ప్రయోగం చేసి కళ్ళారా చూశాక సొసైటీ ఒప్పుకుంది. 1680లో లీవెన్‌హుక్‌ను తమ సభ్యుడిగా ఎన్నుకుంది.

ఇక పళ్ళ సంగతికి వద్దాం. 1683 సెప్టెంబరు 17న రాసిన ఉత్తరం అది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు రుద్దుకుని నీళ్ళు పుక్కిలించేవాడు. తిన్నాక దవడ పళ్ళ సందులు పుల్లతో గీరి, గుడ్డతో గట్టిగా తుడుచుకునేవాడు. ఆ వయసువాళ్ళలో తనంత శుభ్రమైన పళ్ళు కొద్దిమందికే ఉంటాయని ఆయన నమ్మకం. కాస్మెటిక్ చార్జీలు ఆలస్యమై పేస్టు ట్యూబు చీల్చి గీరుకున్న నెలల్లో ఉప్పుతోనూ బొగ్గుపొడితోనూ తోముకున్న మనకు ఆ ఉప్పు కొత్త కాదు. ఇంత చేసినా పళ్ళ సందుల్లో తడిపిన పిండిలాంటి తెల్లని పదార్థం మిగులుతోందని ఆయన గమనించాడు. దాన్నే మనం పాచి అంటాం. అది అలాగే గట్టిపడితే గార. ఆ పాచిని కొంచెం తీసి వాన నీటిలో కలిపి చూశాడు, తన ఉమ్మిలో కలిపి చూశాడు. అందులో రకరకాల ప్రాణులు. కొన్ని చేపలా దూసుకుపోతున్నాయి, కొన్ని బొంగరంలా తిరుగుతున్నాయి, కొన్ని పొడవుగా ఉండి మెల్లగా వంగుతున్నాయి. వాటి బొమ్మలు గీయించి ఉత్తరంతో పంపాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఇది ఏ రకం బ్యాక్టీరియా, అది ఏ రకం అని నేటి శాస్త్రవేత్తలు వాటిని చూసి గుర్తుపట్టగలుగుతున్నారు.

అక్కడితో ఆగలేదు. ఆడవాళ్ళ పళ్ళ పాచి చూశాడు, ఎనిమిదేళ్ళ పిల్లవాడిది చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నోరు కడగని ఒక ముసలాయనను బతిమాలి ఆయన పాచి కూడా తీసుకున్నాడు. అందులో ప్రాణులు మరీ గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక మనిషి నోట్లో ఉన్న ప్రాణులు ఒక రాజ్యంలోని జనం కంటే ఎక్కువని లెక్క వేశాడు. లెక్కలో ఆయన తగ్గించి చెప్పాడు గాని ఎక్కువ చెప్పలేదు.

తరువాత చేసిన పని మాకు అన్నిటికంటే గొప్పగా తోచింది. ఘాటైన వెనిగర్‌ను నోట్లో పోసుకుని, పళ్ళు బిగించి, సందుల్లోంచి పోయేలా పుక్కిలించాడు. తరువాత నీళ్ళతో కడుక్కుని పాచి తీసి చూశాడు. ప్రాణులు బతికే ఉన్నాయి. అదే వెనిగర్‌ను, పాచి కలిపిన నీటిచుక్కలో వేస్తే ప్రాణులు వెంటనే చచ్చాయి. మందు ఒకటే, ప్రాణులు అవే. నీటిలో విడిగా ఉన్నప్పుడు చచ్చినవి పంటి మీద ఉన్నప్పుడు ఎందుకు చావలేదు? వెనిగర్ పాచి పైపొరలో ఉన్నవాటినే చంపుతోంది, లోపలికి దిగడం లేదు అని ఆయన తేల్చాడు. క్రిములు గుంపుగా పొరకట్టి బతికితే మందుకు లొంగవన్న సంగతిని శాస్త్రవేత్తలు ఇరవయ్యో శతాబ్దం చివర్లో బయోఫిల్మ్ అని పేరు పెట్టి పెద్ద విషయంగా చదవడం మొదలుపెట్టారు. ఈ బట్టల వర్తకుడు మూడు వందల ఏళ్ళ ముందే ఒక గుక్కెడు వెనిగర్‌తో దాన్ని పట్టుకున్నాడు.

ఆయన వెనిగర్ చోట ఇప్పుడు మనం ఫ్లోరైడ్‌ను పెట్టి చూస్తే కథ ఇంకా ముందుకు పోతుంది. ఇక్కడ ఆయన జీవితాన్ని కాసేపు ఆపి ఆ సంగతి చెప్పుకుందాం.

ఆయన చూసిన ప్రాణులకూ పిప్పి పన్నుకూ ఉన్న సంబంధం ఆయనకు తెలియదు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ 1890లో అచ్చయిన తన పుస్తకంలో దాన్ని వివరించాడు. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను, పిండి పదార్థాన్ని తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ళలోంచి ఒక బ్యాక్టీరియాను వేరు చేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. పుచ్చుకు కారణమైన వాటిలో ఇది ముఖ్యమైనది, ఇదొక్కటే కాదు. చక్కెర దొరికితే ఇది జిగురు తయారుచేసుకుని పంటికి అంటుకుంటుంది. ఆ జిగురే పాచికి గోడ. ఆ గోడ వెనక కూర్చుని ఆమ్లం వదులుతుంటే పంటి పైనున్న పింగాణీ పొర కొంచెం కొంచెంగా కరిగి గుంట పడుతుంది.

పేస్టులోని ఫ్లోరైడ్ దీన్ని రెండు వైపుల నుంచి అడ్డుకుంటుంది. మొదటిదీ ముఖ్యమైనదీ పంటి మీద జరిగే పని. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి చేరడానికి ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. అలా పూడిన చోటు ఆమ్లానికి అంత సులువుగా కరగదు. రెండోది బ్యాక్టీరియా మీద. పాచిలో ఆమ్లం పెరిగినప్పుడు ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి, బ్యాక్టీరియా పొరలోంచి సులువుగా లోపలికి పోతుంది. లోపల ఆమ్లం తక్కువ కాబట్టి మళ్ళీ విడిపోతుంది. విడిపోయిన ఫ్లోరైడ్ ఆ పొర దాటి బయటికి రాలేదు. లోపలే పోగుపడి, చక్కెరను విరగ్గొట్టే ఎనోలేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. అంటే బ్యాక్టీరియా ఎంత ఆమ్లం వదిలితే అంత విషం తన ఇంట్లోకి తానే పిలుచుకున్నట్టు.

అయితే బ్యాక్టీరియా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బ్రేకర్ బృందం ఒక సంగతి బయటపెట్టింది. చాలా బ్యాక్టీరియాల్లో ఫ్లోరైడ్ లోపలికి వచ్చిందని పసిగట్టే ఆర్‌ఎన్‌ఏ స్విచ్ ఒకటి ఉంది. ఫ్లోరైడ్ తగలగానే ఆ స్విచ్ కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ జన్యువుల్లో కొన్ని ఫ్లోరైడ్‌ను బయటికి పంపే ప్రోటీన్లను తయారుచేస్తాయి. మ్యూటాన్స్‌లో ఉన్న ప్రోటీను ఒక ప్రోటాన్‌ను లోపలికి రానిచ్చి ఆ బలంతో ఫ్లోరైడ్‌ను బయటికి తోసేస్తుంది. నీళ్ళు వచ్చిన పడవలోంచి చెంబుతో తోడి పోస్తున్నట్టు అనుకోండి. ఇది టూత్‌పేస్టులు వచ్చాక నేర్చుకున్న విద్య కాదు. రాళ్ళలో, నీళ్ళలో ఫ్లోరైడ్ భూమి పుట్టినప్పటి నుంచీ ఉంది. దానితో బతకడం బ్యాక్టీరియాకు ఎంతో పాత అలవాటు.

ప్రయోగశాలలో మ్యూటాన్స్‌ను కొంచెం కొంచెంగా ఎక్కువ ఫ్లోరైడ్‌లో పెంచుతూ పోతే, మామూలుది చచ్చే చోట కూడా పెరిగే రకాలు వస్తాయి. వాటిలో కొన్నింటిని చదివి చూస్తే జన్యువుల్లో మార్పులు కనపడ్డాయి, తోడిపోసే ప్రోటీను ఎక్కువగా తయారవుతోందని తెలిసింది. మెడకు రేడియేషన్ చికిత్స జరిగి, లాలాజలం ఎండిపోయి, రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడిన రోగుల నోళ్ళలో కూడా ఇలా తట్టుకునే రకాలు దొరికాయి. మరి పేస్టు పనికిరాకుండా పోతుందా? పోదు. ఫ్లోరైడ్ చేసే పెద్ద పని పంటి మీద జరిగేది, బ్యాక్టీరియా ఎంత మొండిదైనా ఆ పనిని ఆపలేదు. పైగా ఇలా మొండికెత్తిన రకాల్లో కొన్ని ఆమ్లం తయారుచేయడంలో వెనకబడ్డాయి. ఫ్లోరైడ్‌కు అసలు అడ్డంకి లీవెన్‌హుక్ చూసిన అడ్డంకే. రెండు నిమిషాలు తోముకున్నప్పుడు నోట్లో ఉండే ఫ్లోరైడ్ పాచి పైపొరల్లోనే చాలావరకు ఆగిపోతుంది, అడుగుకు దిగేది తక్కువ. అందుకే పేస్టు ఎంత ఖరీదైనదైనా, కుచ్చుతో గానీ వేపపుల్ల నమిలిన కొసతో గానీ పాచిని గీరకుండా వట్టి నురగ పుక్కిలిస్తే లాభం లేదు. వేపపుల్లలో ఫ్లోరైడ్ పేస్టు గుణం లేదనీ ఇక్కడే చెప్పాలి. పుల్లతో గీరుకునేవాళ్ళు ఆ మీదట పేస్టు కూడా వాడితే మంచిది.

ఈ మాట మేము మన హాస్టల్లో అన్నప్పుడు మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళకు కోపం వచ్చింది. మా తాతల నడుములు వంచిన విషాన్ని మళ్ళీ పళ్ళకు రాసుకోమంటారా అని వాళ్ళ బాధ. న్యాయమైన బాధే. తేడా మాత్రం తెలుసుకోవాలి. పిల్లల పళ్ళు ఇంకా చిగుళ్ళ లోపల తయారవుతున్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పంటి మీద మచ్చలు పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బు గురించి తొలి శాస్త్రీయ వ్యాసం 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గురించే వచ్చింది. వేరే నీటి వనరు లేనప్పుడు సైతం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. పేస్టులో ఫ్లోరైడ్ దీనికి ఎన్నో వందల రెట్లు, కానీ అది పంటి పైన రాసి ఉమ్మేసేది, మింగేది కాదు. చిన్న తరగతుల తమ్ముళ్ళు బఠాణీ గింజంతే వేసుకోవాలి, తియ్యగా ఉందని మింగకూడదు. ఇంకొకటి. ఫ్లోరైడ్ మచ్చలు పాచీ కాదు, గారా కాదు, ఎంత తోమినా పోవు. వాటిని చూసి గారపళ్ళోడా అని పిలిచే అలవాటు మన గదుల్లో ఉంది. ఆ పిలుపుకు నవ్వడమే మానేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. ఆ మచ్చ వాళ్ళ ఊరి బోరు నీళ్ళది, వాళ్ళ శుభ్రతది కాదు.

లీవెన్‌హుక్ దగ్గరికి తిరిగి వెళ్దాం. పళ్ళను ఆయన అంతటితో వదలలేదు. 1692లో మళ్ళీ పాచి తీసి చూస్తే ముందు పళ్ళలో బతికి ఉన్న ప్రాణులు కనపడలేదు. ఎందుకని ఆలోచిస్తే, కొంతకాలంగా తాను పొద్దున్నే వేడి వేడి కాఫీ తాగుతున్నట్టు గుర్తొచ్చింది. కాఫీ వేడి తగలని దవడ పళ్ళ పాచి తీసి చూశాడు. అక్కడ బతికే ఉన్నాయి. మళ్ళీ అదే సంగతి, మందు చేరిన చోట చావు, చేరని చోట బతుకు.

1700లో పంటి పురుగుల గురించి రాశాడు. మన ఊళ్ళలో ఇప్పటికీ పంటి పురుగు తీస్తామంటూ గొట్టంతో పొగపెట్టి, పిప్పి పన్నులోంచి పడ్డాయంటూ తెల్లని పురుగులు చూపించేవాళ్ళు ఉన్నారు. హాలండ్‌లోనూ అప్పుడు అదే నమ్మకం, అదే పొగ. అలా పొగబెట్టి తీశామన్న పురుగులు ఆయన దగ్గరికి వచ్చాయి. ఆయన వాటిని కటకం కింద పెట్టి చూసి, జున్నులో ఈగలు గుడ్లు పెడితే వచ్చే పురుగులతో పోల్చాడు. రెండూ ఒకటే. జున్ను తిన్నప్పుడు పుచ్చు గుంటలో చేరాయి తప్ప పన్నులో పుట్టినవి కావని తేల్చాడు. ఈ ఒక్క ప్రయోగం మన ఊరి సంతల్లో చూపించాల్సింది.

ఆయన పేరు యూరప్ అంతా పాకింది. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ డెల్ఫ్ట్ మీదుగా వెళ్తూ ఆయన్ని పిలిపించుకుని సూక్ష్మదర్శినులు చూశాడు. ఈల్ చేప తోకలో రక్తం ప్రవహించడాన్ని లీవెన్‌హుక్ ఆయనకు చూపించాడు. వచ్చిపోయేవాళ్ళు ఎక్కువై పనికి ఆటంకమని ఆయన విసుక్కునేవాడు కూడా.

ఆయనలో మాకు నచ్చని గుణం ఒకటుంది. అన్నిటికంటే మంచి కటకాలను ఎవరికీ చూపించలేదు. వాటిని ఎలా చేశాడో, అంత చిన్న ప్రాణుల మీద వెలుగు ఎలా పడేలా చూశాడో చెప్పలేదు. ఎవరికీ నేర్పలేదు, శిష్యుణ్ణి తయారుచేయలేదు. ఫలితంగా ఆయన పోయాక బ్యాక్టీరియాను అంత బాగా చూసినవాళ్ళు వందేళ్ళకు పైగా రాలేదు. పండితులు తనను చదువురానివాడిగా చూస్తారన్న అనుమానమూ, తన కష్టాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్న భయమూ ఉండి ఉండవచ్చు. కారణం ఏదైనా నష్టం మాత్రం లోకానిది. నోట్సు దాచుకునే టాపర్లు మన హాస్టల్లోనూ ఉన్నారు, వాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు.

రెండో భార్య కూడా 1694లో చనిపోయాక తండ్రినీ ఇంటినీ చూసుకున్నది మరియానే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ముసలితనంలోనూ ఆయన పని ఆపలేదు. చివరి రోజుల్లో ఆయన పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరం ఉండి ఉండి అదిరేది, ఊపిరి ఆడేది కాదు. దాన్ని కూడా గమనించి, అది గుండె జబ్బు కాదని వాదిస్తూ రాయల్ సొసైటీకి రాశాడు. అరుదైన ఆ జబ్బును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆఖరి ఉత్తరాలను ఒక మిత్రుడి చేత లాటిన్‌లోకి తర్జుమా చేయించి పంపాడు. 1723 ఆగస్టు 26న, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. డెల్ఫ్ట్ పాత చర్చిలో ఆయన్ని సమాధి చేశారు.

రాయల్ సొసైటీకి ఇమ్మని ఆయన ఒక నల్లని పెట్టె సిద్ధంచేసి ఉంచాడు. అందులో వెండితో చేసిన 26 సూక్ష్మదర్శినులు ఉన్నాయి. మరియా దాన్ని భద్రంగా లండన్‌కు పంపింది. ఆ పెట్టె పంతొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో పోయింది, మళ్ళీ దొరకలేదు. మరియా 1745లో చనిపోయాక, ఇంట్లో మిగిలిన వందల సూక్ష్మదర్శినులను 1747లో వేలం వేశారు. వాటిలో ఈ రోజు మిగిలినవి పది పన్నెండు. ఒకటి ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది, దాని కటకం ఇప్పటికీ వస్తువును 266 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది.